రాత్రి పది గంటల చదువు

ఆదివారం నాడు కళాశాల ఆవరణ సాధారణంగా నిర్మానుష్యంగా ఉంటుంది. దూరవిద్య అధ్యయన కేంద్రం ఉన్న కళాశాలల్లో మాత్రం అలా కాదు. ఉదయం పదింటికల్లా వేపచెట్టు కింద చేతిసంచులు, టిఫిన్ క్యారియర్లు, నీళ్ళ సీసాలు వరుసగా చేరుతాయి. శిశు సంరక్షణ డిప్లొమా తరగతి జరిగే రోజైతే విద్యార్థినుల కంటె ముందు వారి పిల్లలే మన కంటపడతారు. ఒకరు చంకలో, ఒకరు చేయి పట్టుకొని, మరొకరు వరండా స్తంభం చాటున.

ఆ తరగతికి కొన్నేండ్లపాటు ఆదివారాలు పాఠం చెప్పే అవకాశం నాకు కలిగింది. నా ఎదుట కూర్చున్న నలభైమందిలో ఎక్కువమంది అంగన్‌వాడీ టీచర్లు. కొందరు ప్రైవేటు పాఠశాలల్లో ఎల్‌కేజీ పిల్లలకు చెప్పేవారు, ఒకరిద్దరు ఆయాలు. వారంతా వారంలో ఆరు రోజులు ఇతరుల బిడ్డలను చూసుకొని, ఏడో రోజున ఇతరుల బిడ్డలను మరింత బాగా చూసుకోవడం ఎలాగో నేర్చుకోవడానికి వచ్చేవారు. సొంత బిడ్డను ఆ పూట ఎవరి దగ్గర వదలాలన్నది వారి మొదటి సమస్య. నా పాఠం రెండవది.

బిడ్డల్ని పెంచడానికి చదువెందుకని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. మన అమ్మమ్మలు ఏ డిప్లొమా చదివారని వారి వాదం. ఆ వాదంలో సగం నిజం లేకపోలేదు. లాలిపాట పాడటానికి, గోరుముద్దలు తినిపించడానికి ఎవరికీ ధ్రువపత్రం అక్కరలేదు. అయితే ఇంట్లో ఒక బిడ్డను పెంచడం వేరు. ఇరవైమంది పసివాళ్ళను ఒకే గదిలో, ఒక్కొక్కరి ఎదుగుదలను కనిపెట్టుకొంటూ పెంచడం వేరు. మా తరగతిలోని ఒక టీచరు చెప్పిన సంగతి నాకు గుర్తున్నది. ఆమె కేంద్రానికి వచ్చే రెండున్నరేళ్ళ పాపకు మాటలు రాలేదు. తమ వంశంలో అందరికీ మాటలు ఆలస్యమేనని నాయనమ్మ ధీమాగా చెప్పిందట. శ్రవణ లోపాల గురించిన పాఠం చదివిన మరునాడు ఈ టీచరు పాప వెనుక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టి చూసింది. పాప తిరిగి చూడలేదు. ఆ వారంలోనే తల్లిదండ్రులను వెంటబెట్టుకొని జిల్లా ఆసుపత్రికి వెళ్ళింది. నాయనమ్మ ప్రేమలో లోపం లేదు. ఆమెకు తెలియని విషయం ఒకటి ఈమెకు తెలిసింది, అంతే. ఆరేళ్ళలోపే మెదడు ఎదుగుదలలో ఎనభై అయిదు శాతానికి పైగా జరిగిపోతుందని 2020 నాటి జాతీయ విద్యావిధానం పేర్కొన్నది. ఆ ఆరేళ్ళూ బిడ్డ పక్కన ఉండే మనిషికి చదువు అక్కరలేదనడం ఎంత సాహసమో ఆలోచించండి.

కనుక చదువు అవసరమా అన్నది నా ప్రశ్న కాదు. ఆ చదువుకు పట్టే కాలాన్ని ఎవరు చెల్లిస్తున్నారన్నది నా ప్రశ్న.

కొంచెం వెనక్కి వెళ్దాం. అంగన్‌వాడీ అన్న మాటలోనే ఒక కథ ఉన్నది. అంగన్ అంటే అంగణం, ముంగిలి. మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో 1945లో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ బాలవాడిని ప్రారంభించినప్పుడు గిరిజనుల పిల్లలు బడికి రాలేదు. అప్పుడు బడినే వారి వాడకు, వారి ముంగిట్లోకి తీసుకుపోయారు. ఆ పద్ధతికి పుట్టిన పేరే తరువాత దేశమంతటికీ పరిచితమయింది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆరంభమైనప్పుడు గ్రామస్థాయి కేంద్రానికి ఆ పేరే స్థిరపడింది.

ఆ ఇద్దరిలో అనుతాయి జీవితం మన విషయానికి మరింత దగ్గరిది. 1910లో పుట్టిన ఆమెకు పదమూడో ఏట పెండ్లి అయింది. కొద్ది నెలలకే భర్త మరణించాడు. ఆమె చదువుకొని ఉపాధ్యాయిని అయింది. పగలు బడిలో పాఠాలు చెబుతూ, రాత్రి బడిలో తాను పాఠాలు వింటూ 1937లో మెట్రిక్యులేషన్ పూర్తి చేసింది. పట్టభద్రురాలు అయినది 1961లో, యాభయి దాటిన తరువాత. అప్పటికి ఆమె చూపు కూడా సరిగా లేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా తరగతిలో ఒక నిశ్శబ్దం ఆవరించేది. ఒకసారి మాత్రం వెనుక బల్ల నుండి ఒక గొంతు వినిపించింది: "ఆమెకు సాయంత్రం వంట చేయవలసిన ఇల్లు ఉన్నదా సార్?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఇంటికి వెళ్ళిన తరువాత ఆ ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. అనుతాయి పట్టుదల అసామాన్యమైనది. దాన్ని కొలబద్దగా చేసి ఇద్దరు పిల్లల తల్లిని కొలవడం న్యాయం కాదని ఆ రోజు అర్థమయింది.

మన తెలుగునాట కూడా ఇటువంటి చదువుకు పునాదులు గట్టిగానే పడ్డాయి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. బడి మధ్యలో మానివేసిన వయోజన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షకు కూర్చోగలిగేలా ఆ మండలి 1958లో సంక్షిప్త విద్యా కోర్సులను ప్రవేశపెట్టింది. దేశంలోని మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసినది కూడా హైదరాబాదులోనే, 1982లో. జి. రామిరెడ్డి దానికి తొలి ఉపకులపతి. ఆ విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. 1985లో ఢిల్లీలో నెలకొన్న ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి ఆయనే. కళాశాలకు రాలేనివారి వద్దకు కళాశాలే పోవాలన్నది ఈ సంస్థల ఆశయం. బోర్డీలో బడి ముంగిట్లోకి వెళ్ళినట్లే పుస్తకం ఇంటికి వచ్చింది. అయితే పుస్తకం తపాలాలో వచ్చినంత సులభంగా, దాన్ని చదివే సమయం రాదు.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూద్దాం. ఇగ్నో రూపొందించిన ప్రాక్ పాఠశాల సంరక్షణ, విద్య డిప్లొమాకు 32 క్రెడిట్లు. ఒక క్రెడిట్ అంటే ముప్పయి గంటల అధ్యయనం. మొత్తం 960 గంటలు. ఏడాదిలో పూర్తి చేయాలనుకొంటే పండుగలు, జ్వరాలు, చుట్టాల రాకపోకలు ఏవీ మినహాయించకుండా రోజుకు రెండున్నర గంటలకు పైబడి చదవాలి. మరి ఆ టీచరు రోజు ఎలా గడుస్తుంది? ఉదయం తొమ్మిదింటికి కేంద్రం తెరవాలి. పిల్లల్ని ఇండ్ల నుండి పిలుచుకొని రావాలి. ఆటపాటలు, బరువులు తూచడం, గర్భిణులకు బాలింతలకు భోజనం, బాలామృతం పంపిణీ. సాయంత్రం నాలుగింటికి తాళం వేసిన తరువాత గృహ సందర్శనలు, రిజిస్టర్లు. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్ తరువాత ఫోనులో నమోదులు. ఎన్నికల కాలంలో అయితే ఓటర్ల జాబితాలు కూడా చాలామంది మీద పడతాయి. ఇంటికి చేరేసరికి పొద్దు గుంకుతుంది. అక్కడ రెండో ఉద్యోగం మొదలవుతుంది.

ఆ రెండో ఉద్యోగానికి కూడా ప్రభుత్వ గణాంకాలు ఉన్నాయి. 2024 నాటి కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికోసం రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. 2019లో ఈ అంకెలు 299, 97. అంటే అయిదేండ్లలో స్త్రీలకు పది నిమిషాల భారం తగ్గింది. పురుషులు కూడా తమ వంతులో తొమ్మిది నిమిషాలు తగ్గించుకొన్నారు! ఈ విషయంలో మనవాళ్ళ సమానత్వ దృష్టిని మెచ్చుకోవలసిందే.

కేంద్రంలో ఏడు గంటలు, ఇంటిపని దాదాపు అయిదు గంటలు, రాకపోకలు, రిజిస్టర్లు కలిపి మరి రెండు గంటలు. బిడ్డల స్నానం, హోంవర్కు వేరే. చదువుకు రెండున్నర గంటలు ఎక్కడి నుండి తీయాలి? తీయగలిగిన చోటు ఒక్కటే ఉన్నది. అది నిద్ర. మీ చదువు ఎప్పుడని తరగతిలో అడిగితే నూటికి తొంభైమంది ఒకే సమాధానం చెప్పేవారు: "రాత్రి పదింటికి సార్. అందరూ పడుకొన్న తరువాత."

జాతీయ విద్యావిధానం ఈ టీచర్ల శిక్షణను గురించి మంచి మాటలే చెప్పింది. ఇంటర్మీడియట్ లేక అంతకు మించి చదివినవారికి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటె తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఉండాలన్నది. టెలివిజన్ చానళ్ళ ద్వారా, స్మార్ట్‌ఫోన్ల ద్వారా దూరవిద్యా పద్ధతిలో, ప్రస్తుతం చేస్తున్న పనికి అతి తక్కువ అంతరాయం కలిగేలా ఇది జరగాలని సూచించింది. 2023లో మొదలైన పోషణ్ భీ పఢాయీ భీ కార్యక్రమం కింద మూడు రోజుల శిక్షణలు కూడా జరిగాయి. అంతరాయం కలగకూడదన్న ఆ మాట దగ్గరే నేను ఆగిపోతాను. కేంద్రం పనికి అంతరాయం కలగకూడదు. ఇంటిపనికి అంతరాయం కలగదని ఇంట్లోవాళ్ళ నమ్మకం. మరి ఎవరికీ అంతరాయం కలగకుండా ఒక మనిషి తొమ్మిదివందల అరవై గంటలు చదివిందంటే, ఆ అంతరాయమంతా ఆ మనిషి శరీరం మీదనే పడిందన్న మాట.

నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఒక విద్యార్థిని గడువు దాటిన మూడు రోజులకు అసైన్‌మెంటు తీసుకొని వచ్చింది. కొడుకుకు ఒంట్లో బాగాలేదన్నది. నియమం నియమమే కదా అన్నాను. ఇటువంటి సాకులు ప్రతి ఏడాదీ వింటాను కనుక కొంచెం పరుషంగానే అన్నానేమో. ఆమె మారు మాట్లాడకుండా కాగితాలు సంచిలో పెట్టుకొని వెళ్ళిపోయింది. తరువాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఏమైందని తోటి విద్యార్థినిని అడిగితే అసలు సంగతి తెలిసింది. నాలుగేళ్ళ కొడుక్కి వాంతులు, విరేచనాలు. ప్రాంతీయ ఆసుపత్రిలో మూడు రాత్రులు ఆమె వాడి మంచం పక్కనే కూర్చున్నది. ఇంతకూ నేను ఇచ్చిన అసైన్‌మెంటు ఏమిటి? అతిసార వ్యాధిలో శిశు సంరక్షణ! లీటరు నీటికి తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి గుక్క గుక్కగా పట్టడం ఎలాగో వివరించమని మొదటి ప్రశ్న. ఆమె ఆ మూడు రాత్రులూ దానికి సమాధానం చేతలతో రాస్తూనే ఉన్నది. నేను కాగితం అడిగాను.

ఈ సంఘటన నుండి అనుభవం ఉంటే చదువు అక్కరలేదన్న నిర్ణయానికి నేను రాలేదు. నియమాలు వద్దని కూడా అనను. గడువులు లేకపోతే దూరవిద్య మరింత దూరమవుతుందని నాకు తెలుసు. నేను గ్రహించినది వేరు. ఈ చదువులో ప్రయోగశాల కళాశాలలో లేదు. అది ఆమె కేంద్రంలో, ఆమె ఇంట్లో ఉన్నది. రసాయన శాస్త్ర విద్యార్థి ప్రయోగశాలలో గడిపిన గంటలను మనం చదువుగానే లెక్కిస్తాము. ఈమె పసివాళ్ళ మధ్య గడిపిన గంటల్లో కొన్నింటినైనా, ఒక పర్యవేక్షకురాలు వచ్చి చూసి, ప్రశ్నించి, చదువు కింద జమకట్టడానికి అభ్యంతరం ఏమిటి? అలా చేస్తే 960 గంటల్లో మూడో వంతు రాత్రి నుండి పగటికి మారుతుంది.

మిగిలిన గంటల సంగతి కూడా ఉన్నది. వారానికి ఒక పూట చదువు కోసం వేతనంతో వదలాలని నేను అంటే, పిల్లల భోజనం ఎవరు వండుతారని వెంటనే అడుగుతారు. సమంజసమైన ప్రశ్నే. ఒక్క పూట కేంద్రం మూతపడితే నష్టపోయేది బీదింటి బిడ్డలు. అయితే సెక్టారు సమావేశాల పేరుతో టీచర్లందరూ నెలనెలా ఒకచోట చేరడం ఉన్నదే. ఆ రోజు ఆయాలు కేంద్రాలు నడుపుతూనే ఉన్నారు. ఆ సమావేశంలో సగం సమయం లెక్కల అప్పగింతలకు కాక పాఠానికి కేటాయించవచ్చు. మరొక పూటను అలాగే ఏర్పాటు చేసికోవచ్చు. ఇందుకు కొత్త భవనం అక్కరలేదు, కొంత మనస్సు కావాలి. ఆయాకు ఆ పూటకు అదనపు వేతనమూ ఇవ్వాలి. ఒకరి చదువు భారం మరొక పేదరాలి నడుము మీదికి మారకూడదు.

వీరికి అధ్యయన సెలవు హక్కుగా ఎందుకు లేదంటే, వీరు ఉద్యోగులు కారు కనుక. 2006లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలవి సివిల్ పోస్టులు కావని తీర్పు చెప్పింది. 2022 ఏప్రిల్‌లో అదే న్యాయస్థానం వీరికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తేల్చింది. ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. గౌరవానికి కొరత లేదు కాబట్టి కాబోలు, వేతనం పెరగడానికి మాత్రం ఉద్యమాలు చేయవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో మొదలైన సమ్మె నలభై రోజులు దాటింది.

మరొక వింత చూడండి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు యాభైమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ గది ఉండాలన్న నియమం చేర్చారు. శిశు సంరక్షణను బోధించే తరగతి పక్కన మాత్రం అటువంటి గది ఉండాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు. స్తంభం చాటున ఏడ్చే పిల్లవాణ్ణి ఊరుకోబెట్టడానికి తల్లి బయటికి వెళ్తే, పాఠానికి ఆటంకమని విసుక్కొన్న రోజులు ఉన్నాయి. తరువాతి ఏడాది ప్రిన్సిపాల్‌ను అడిగి పక్కనున్న ఖాళీ గది తీయించాము. రెండు చాపలు, కొన్ని కొయ్య బొమ్మలు. ఆదివారానికి ఇద్దరు చొప్పున విద్యార్థినులే వంతులవారీగా పిల్లల్ని చూసుకొన్నారు. దాన్ని వారి ప్రాక్టికల్స్‌లో చూపించుకోవడానికి అనుమతించాము. ఆ ఏడాది తరగతికి హాజరు పెరిగింది. పెరగకపోతే ఆశ్చర్యపడాలి.

ఇక మీ వంతు. ఈ పాఠం చదువుతున్న మీలో కొందరి తల్లులు ఇలాగే ఏదో ఒక పరీక్షకు చదువుతూ ఉండవచ్చు. మీకు పరీక్షలు వస్తే ఇల్లంతా ఏమవుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. టీవీ కట్టిపెడతారు. చుట్టాలను రావద్దంటారు. రాత్రి పాలు కాచి తెచ్చి బల్ల మీద పెడతారు. అదే ఇంట్లో అమ్మకు పరీక్ష ఉంటే ఏమవుతుంది? పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా గట్టు మీద పుస్తకం తెరిచి ఉంటుంది. మా తరగతిలో చాలామంది, చదువు ఎలా మొదలుపెట్టారని అడిగితే, "మా ఆయన ఒప్పుకొన్నారు సార్" అనేవారు. ఒప్పుకోవడం అంటే సాధారణంగా వద్దనకపోవడమే. ఆదివారం పూట పిల్లలకు అన్నం పెట్టి, అంట్లు కడిగి, ఆమె బస్సు దిగేవేళకు దీపం వెలిగించి ఉంచిన భర్తలు కూడా ఉన్నారు. వారి గురించి ఆ స్త్రీలు చెప్పేటప్పుడు గొంతులో వినిపించే గర్వం చూస్తే సంతోషం కలిగేది. అంత చిన్న పనికి అంత గర్వం అవసరం అయిందే అని విచారమూ కలిగేది.

ఇటువంటి తల్లులను త్యాగమూర్తులని, సహన దేవతలని పొగడటం మనకు అలవాటు. ఆ పొగడ్తను నేను నమ్మడం మానుకొన్నాను. దేవత అన్నాక ఆమెకు నిద్ర అక్కరలేదని మనం తేలికగా అనుకొంటాము. ఆమెకు దండ వేయడం సులభం. రాత్రి అంట్లు తోమడం కష్టం.

నేను వెనక్కి పంపిన ఆ విద్యార్థిని మరుసటి సంవత్సరం మళ్ళీ వచ్చింది. వచ్చేటట్లు చేసింది నేను కాదు, ఆమె తోటివాళ్ళు. గదిలో చాప మీద కొడుకును కూర్చోబెట్టి, వాడి చేతికి కొయ్య గుర్రం ఇచ్చి, పాత అసైన్‌మెంటే తిరిగి నా బల్ల మీద పెట్టింది. అదనంగా ఒక కాగితం జత చేసి ఉన్నది. ఆసుపత్రిలోని మూడు రాత్రుల వివరాలు: ఏ సమయానికి ఎన్ని చెంచాలు పట్టినది, ఎప్పుడు వాంతి అయినది, ఎప్పుడు మూత్రం పోసినది, ఏ వేళకు నాలుక తడి ఆరకుండా ఉన్నది. ఏ పాఠ్యపుస్తకంలోనూ అంత చక్కని నమోదు నేను చూడలేదు. ఇరవై అయిదుకు ఇరవై రెండు మార్కులు వేశాను. చివరి ప్రశ్నకు జవాబు సగంలో ఆగిపోయి ఉన్నది. ఎందుకు పూర్తి చేయలేదని అడిగాను.

"అక్కడికి వచ్చేసరికి వాడు నిద్ర లేచాడు సార్," అన్నది.